చుక్క నూనె, అరచుట్టు మర

1987లో జపాన్ కంపెనీ టామియా 'క్లాడ్ బస్టర్' అనే రిమోట్ ట్రక్కును తెచ్చింది. రెండు మోటార్లు, లావాటి టైర్లు, నాలుగు చక్రాలనూ తిప్పే స్టీరింగ్. చూడ్డానికి ఏనుగు పిల్లలా ఉంటుంది. కానీ స్టీరింగ్ తిప్పే సర్వో ఛాసిస్ మీద ఉండేది. గతుకులో ఇరుసు లేచినప్పుడల్లా సర్వోను చక్రాలకు కలిపే కడ్డీ లాగేసి, ఎవరూ తిప్పకుండానే చక్రం పక్కకు తిరిగేది. దాన్ని ప్రేమించినవాళ్లు ఊరుకుంటారా? సర్వోలను తీసుకెళ్లి ఇరుసుల మీదే బిగించారు. ఇరుసుతో పాటే సర్వో కూడా లేస్తుంది. ఇక లాగేదేముంది!

రిమోట్ బండ్లను సరిదిద్దే విద్య అంతా ఇలాంటి చిన్న గమనింపుల్లోనే ఉంది. షాక్ అబ్జార్బర్‌లో సిలికాన్ ఆయిల్ పోసి పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తారు. బుడగలు ఒక్కొక్కటే తేలి చిట్లుతాయి. చివరిది పోయేదాకా మూత పెట్టరు. ఆయిల్ మరీ పలచనైతే దూకినప్పుడు బండి అడుగు నేలకు కొట్టుకుంటుంది, మరీ చిక్కనైతే గతుకుల మీద గెంతుతుంది.

చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే టర్న్‌బకిల్ కడ్డీకి ఒక కొసన కుడి మర, మరో కొసన ఎడమ మర. ఊడదీయకుండానే అరచుట్టు తిప్పితే పొడవు మారుతుంది, దాంతో చక్రం చూసే దిక్కూ మారుతుంది. ముందు చక్రాలు కాస్త లోపలికి చూస్తే బండి తిన్నగా పోతుంది, బయటికి చూస్తే మలుపులోకి చురుగ్గా దిగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చాలి, నడిపి చూడాలి, రాసిపెట్టుకోవాలి. బొమ్మ చిన్నదే. అది నేర్పే ఓపిక మాత్రం చిన్నది కాదు.