దెబ్బని కొలుస్తున్నారా, బడిని కొలుస్తున్నారా?

కాకినాడ రేవులో బియ్యం బస్తాలు మోసే అన్న తలకి దెబ్బ తగిలిందనుకుందాం. కోలుకుంటున్నప్పుడు బుర్ర ఎంతవరకు పనిచేస్తోందో చూడ్డానికి కాగితం తెస్తారు. నూటిలోంచి ఏడేసి తీసెయ్యమంటారు. వాక్యం రాయమంటారు. అయిదు మూలల బొమ్మలు రెండు చూసి గియ్యమంటారు. 1975లో అమెరికాలో పుట్టిన 30 మార్కుల 'మినీ మెంటల్' పరీక్ష యిది.

మా యిళ్లల్లో మొదట పెన్సిలు పట్టింది మేమే. మా అమ్మానాన్నలకి ఏ దెబ్బా తగలకుండానే యిందులో మార్కులు పోతాయి. కూలి లెక్క మాత్రం పైసాతో సహా చెబుతారు. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని సమాజం వేసిన మార్కులు కావా యివి?

నష్టం రెండువైపులా వుంది. మార్కులు తగ్గితే మనిషే పనికిరాడనొచ్చు. లేదా 'చదువు లేదుగా' అని అసలు దెబ్బనే వదిలెయ్యొచ్చు. 2005లో వచ్చిన మాంట్రియల్ పరీక్ష ఆలోచనని వరసపెట్టుకునే శక్తిని బాగా చూస్తుంది. కానీ చదువు పన్నెండేళ్లు దాటకపోతే కలిపేది ఒక్క మార్కే. బడి మొహమే చూడనోళ్లకీ, ఇంటరు చదివినోళ్లకీ అదే ఒకటి!

దారి లేకపోలేదు. అక్షరం రాని పల్లెజనానికి తగ్గట్టు హర్యానా బల్లభ్‌గఢ్‌లో మార్చిన హిందీ పరీక్ష 1995లోనే వచ్చింది. అదీ మతిమరుపు జబ్బుకే. తలదెబ్బకి మన భాషలో, మన పనుల్లోంచి ప్రశ్నలు పుట్టాలి. మొన్నటిదాకా బస్తాల లెక్క తప్పని మనిషి యివాళ తప్పుతున్నాడా? వదిననడగండి. ఆయన్ని ఆయనతోనే పోల్చండి, బడిపిల్లాడితో కాదు.