ఉన్మాదకారణవిచారము

ఉన్మాదశబ్దము మదధాతువునుండి పుట్టినది. ఉపసర్గ లేని యీ ధాతువునకుఁ బాణిని యప్ప్రత్యయమును విధించుటచే మదశబ్దము సిద్ధించినది. ఉపసర్గ చేరినచో ఘఞ్ వచ్చి, వృద్ధి గలిగి, యున్మాదమగును. ధాత్వర్థము హర్షము. హర్షార్థకమగు ధాతువు దారుణమగు నొక వ్యాధికిఁ బేరగుట యెట్లని వైయాకరణుఁడు శంకింపకుండఁజాలఁడు. సుశ్రుతుఁ డుత్తరతంత్రమున దీనికి నిర్వచనము చెప్పినాఁడు. దోషములు పైకుబికి, తమ దారి దప్పి, మనస్సునకు మత్తు గొలుపును గావున నిది యున్మాదమనియు, నిది మానసవ్యాధి యనియు నతని తాత్పర్యము. దోషములు శరీరమునకుఁ జెందినవి. వ్యాధి మనస్సునకుఁ జెందినది. ఒక్క నిర్వచనమునందే రెండును గలిసియున్నవి. ఈ కలయికను దరువాతివారు విడఁదీసిరి. ఆ విడఁదీఁత యెంతవఱకు న్యాయ్యమో యిచట విచార్యము.

నాట్యశాస్త్రము ఏడవ యధ్యాయమున భరతుఁడు ఉన్మాదమును వ్యభిచారిభావములలోఁ బఠించి, దానికి విభావములుగా నిష్టజనవియోగము, ధననాశము, అభిఘాతము, వాతపిత్తశ్లేష్మముల ప్రకోపము మున్నగువాని నొక్కవరుసనే చెప్పెను. చుట్టము చచ్చుటయు, తలకు దెబ్బ తగులుటయు, పిత్తము పెచ్చు పెరుఁగుటయు నాతని దృష్టిలో నొకే పంక్తిలోఁ గూర్చుండఁదగినవి. పదవ శతాబ్దివాఁడగు ధనంజయుఁడు దశరూపకమున సన్నిపాతమును, గ్రహమును మాత్రమే పేర్కొని మిగిలినవాని నాదిశబ్దమునకు విడిచెను. పదునాలుగవ శతాబ్దివాఁడగు విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ గామశోకభయములను జెప్పి, తానును నాదిశబ్దమును జేర్చెను. దోషముల పేరైన నెత్తలేదు. ఆదిశబ్దముచేతనే సర్వమును గ్రహింపవచ్చుఁగదా యని సమాధానము చెప్పువారు గలరు. ఆ సమాధానము నిలువదు. ప్రకారార్థకమగు నాదిశబ్దము సదృశములనే లాగికొనును. శోకభయములకు సదృశములు లజ్జేర్ష్యాదు లగునుగాని శ్లేష్మప్రకోపము గానేరదు. కావున నొకరు దేహమును, గ్రహమును బట్టుకొనిరి. ఒకరు మనస్సును బట్టుకొనిరి. భరతుని పంక్తి చీలినది.

ఆలంకారికు లిట్లేల చేసిరో యూహింపవచ్చును. విక్రమోర్వశీయము నాలవ యంకమునఁ బురూరవుఁడు మేఘమును జూచి యూర్వశి నెత్తుకొనిపోవు రాక్షసుఁడని భ్రమించును. నెమిలిని, హంసను, ఏనుఁగును నామెజాడ యడుగును. ఇట్టి ఘట్టములనే లక్ష్యములుగాఁ గొన్నవారికి వియోగశోకములు దక్క వేఱు హేతువు కంటఁబడకుండుట సహజమే. నాయకునకుఁ గఫము ప్రకోపించెననినచో రసము చెడును! తెలుఁగువాఁడగు జగన్నాథపండితుఁడు రసగంగాధరమున, ఉన్మాదము వ్యాధియందే యంతర్భవింపఁగలిగినను ఇతరవ్యాధులలో లేని వైచిత్ర్యము దీనియందుఁ గలదు గావున వేఱుగాఁ జెప్పఁబడినదని యొప్పుకొనెను. ఇది మెచ్చఁదగిన మాట. ఉన్మాదము వ్యాధి యనుట మఱవక, అన్ని వ్యాధులవంటి దనియుఁ జులుకన సేయక పలికినది. అయినను విభావములకడ నతఁడును విప్రలంభము, మహాపద, పరమానందము ననువానితోనే తృప్తి చెందెను.

వైద్యులు కవులకంటె జాగరూకులు. చరకుఁడు ఉన్మాదమును వాతపిత్తకఫసన్నిపాతజములు నాలుగు, ఆగంతువు ఒకటి యని యైదుగాను, సుశ్రుతుఁడు ఆగంతువును మాని, మానసదుఃఖజమును, విషజమును జేర్చి యాఱుగాను లెక్కించిరి. లెక్కకంటెఁ జరకుఁడు చెప్పిన క్రమము ముఖ్యము. కామక్రోధభయశోకాదులచే మనస్సు దెబ్బతిన్నవానియందు దోషములు ప్రకోపించి, హృదయమును జేరి, మనోవహస్రోతస్సులను గప్పి యున్మాదమును గలిగించునఁట. మనస్సు దేహమును గలఁచును. కలఁగిన దేహము మరల మనస్సును జెఱచును. హృదయమున్నచోట నేఁడు మెదడును జెప్పవలయును. క్రమము మాత్రము కొట్టివేయఁదగినది కాదు.

పాశ్చాత్యవైద్యమునందును నీ చీలికయే కనఁబడును. 1913లో నొగూచి, మూర్ అనువారు సర్వాంగపక్షవాతోన్మాదముచే మరణించినవారి మెదడులో సవాయిరోగక్రిములను గనుఁగొనిరి. దానితో నున్మాదములన్నియు శారీరములే యని పలుకువారు బయలుదేఱిరి. ఒక్క జాతియందుఁ గన్న హేతువును సర్వమునకు నంటఁగట్టుట యతివ్యాప్తి. స్కిజోఫ్రీనియా యను వ్యాధియం దేకాండజులగు కవలలలో నొకనికి వ్యాధి యున్నచో రెండవవానికి వచ్చుట సుమారు సగముమందియందే, అంతకుఁ దక్కువగానే, కానవచ్చుచున్నది. బీజమే సంపూర్ణకారణమైనచో నిరువురకును దప్పక రావలెను. బీజము హేతువే కానిచో నితరులకంటె నింత హెచ్చుగా రాఁగూడదు. 1931లో కలకత్తాలో గణనాథసేన్, కార్తికచంద్రబోస్ అనువారు సర్పగంధ యున్మాదమును శమింపఁజేయునని ప్రకటించిరి. మూలికకు శమించినంతమాత్రమున వ్యాధికి మూలము శోకము గాదనరాదు. శమనహేతువు వేఱు, ఉత్పత్తిహేతువు వేఱు.

కారణమును జెప్పు తీరునుబట్టియే రోగికి జరుగు నుపచారము. ఇష్టవస్తువు నశించి మనస్సు చెడినవానికి దానితో సమానమగు దానిని సమకూర్చి, యోదార్చి శమింపఁజేయుమని చరకుఁడు చెప్పెను. ఆ చికిత్సితాధ్యాయముననే కోఱలు పెఱికిన పాముతో భయపెట్టుమనియుఁ గలదు. దానిని దాఁచి మొదటిదానినే పొగడుట పండితధర్మము గాదు. దేవతలు గాని పిశాచములు గాని నిర్దోషిని బాధింపరనియు, ప్రజ్ఞాపరాధమే మూలమనియు నాతఁడు నిదానస్థానమున ననుట భూతభయమును దగ్గించునదియే. కాని ఆ మాటయే నేరమంతయు రోగిదే యనువానికి నాయుధమగును. ఇఁక ధనంజయుఁడు వాడిన గ్రహశబ్దము లోకమునఁ జేయుపని వేఱు. తమిళదేశమున రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, గ్రహబాధ తీఱునని నమ్మి బంధువులు తెచ్చి విడిచిన రోగులను గొలుసులతోఁ గట్టియుంచిన యొక యాశ్రయమున 2001 ఆగష్టు 6వ తేదిని నిప్పంటుకొని 28 మంది చనిపోయిరి. గొలుసులు వారిని లేవనీయలేదు. మానసికరోగిని నే విధముగాను గొలుసులతోఁ గట్టరాదని 2017 నాఁటి చట్టము నిషేధించినది. సుశ్రుతునియందు గ్రహములకు 60వ యధ్యాయము వేఱుగా నున్నది. ఉన్మాదము నాఱు విధములుగా గణించిన 62వ యధ్యాయపు లెక్కలో వానికిఁ జోటు లేదు.