బొంగు చికెన్‌కి నలభై నిమిషాలు

మా చిన్నోడికి ఇరవై రెండు నెలలు. సంక్రాంతి సెలవులకి వాడితో మారేడుమిల్లి వెళ్లొచ్చాం. అక్కడేం చూశారని అడుగుతున్నారు అందరూ. ఒక కోడిపెట్టని, మూడు చీమలబారుల్ని చూశాం. దారిలో రెండు వాంతులు ఎత్తాం.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా దాదాపు 85 కిలోమీటర్లు. పెళ్లయిన కొత్తలో రెండు గంటల్లో పోయాం. ఈసారి నాలుగున్నర పట్టింది. గోకవరంలో పాలకోసం ఆగాం. అడవి మలుపులు మొదలవగానే ఆ పాలు నా చీరమీదికి వచ్చేశాయి. ఆ తర్వాత కోతులు. కోతి కనిపిస్తే వాడికోసం కారు ఆపాలి. కనిపించకపోతే "కోతేదీ?" అని రాగం తీస్తాడు కాబట్టి అప్పుడూ ఆపాలి.

పెద్దవాళ్లం ముగ్గురికీ కలిపి రెండు సంచులు, వాడొక్కడికీ నాలుగు. అందులో ఒకటి నిండా బొమ్మలే. ఇక మంకీ క్యాప్ సంగతి. మన్యం చలికి చెవులు కప్పాలని మా అత్తయ్య తొడుగుతుంది, వాడు పీకి పారేస్తాడు. ఒక గంటలో పదిహేడుసార్లు లెక్కపెట్టి మానేశాను. చివరికి ఆ టోపీ అత్తయ్యే పెట్టుకుంది.

గుడిస కొండమీద సూర్యోదయం చూడాలని మా ఆయన పట్టు. కాళ్లకింద మబ్బులు పరుచుకుని ఉంటాయట. అందుకు చీకటితోనే జీపెక్కాలి. రాత్రి రెండింటికి లేచి మంచమంతా తొక్కి ఆడిన చిన్నోడు, సరిగ్గా మూడున్నరకి నిద్రపోయాడు. పడుకున్నవాణ్ణి లేపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. జీపతను హారన్ కొట్టబోతుంటే అత్తయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తి ఆపింది. ఆయనొక్కడే వెళ్లి ఫొటోలు తెచ్చాడు. మబ్బులు బాగున్నాయి.

భోగి కూడా అక్కడే. రేగుపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర డబ్బులు అత్తయ్య రాజమండ్రి నుంచే మూటగట్టి తెచ్చింది. సాయంత్రం గది ముందు వరండాలో పీట వేసి కూర్చోబెట్టాం. మొదటి దోసిలి తలమీద పడగానే ఒక రేగుపండు గింజతో సహా వాడి నోట్లోకి పోయింది. వేలు పెట్టి తీయబోతే కొరికాడు. రెండో దోసిలి వాడే అందుకుని నానమ్మ తలమీద పోశాడు. మిగిలినవన్నీ మెట్లకింద తిరుగుతున్న కోడిపెట్టకి విసిరాడు. "పోనీలే, దానికైనా దిష్టి పోయింది" అంది అత్తయ్య.

మర్నాడు బొంగు చికెన్ దగ్గరికి వెళ్లాం. ఒక పక్క కణుపు మూసి ఉండేలా కోసిన పచ్చి వెదురులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పులమీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది, చుక్క నూనె అక్కర్లేదు. నలభై నిమిషాలు పడుతుందంది కాల్చే ఆవిడ. నలభై నిమిషాలు! మావాడు అప్పటికే ఆకలితో ఒకటి, నిద్రతో ఒకటి, రెండు రాగాలూ కలిపి అందుకున్నాడు. నేను కీ ఇచ్చే కారు తీశాను. ఆయన ఫోను తీశాడు. అత్తయ్య అటు చెట్టు చూడు, ఇటు కుక్క చూడు అంటోంది. ముగ్గురం తలో వైపు లాగేసరికి వాడి గొంతు ఇంకా పెరిగింది.

"ఇటియ్యమ్మా బాబుని" అంది ఆవిడ. పొయ్యికి దూరంగా గోనెపట్టా మీద కూర్చోబెట్టి, కోయగా మిగిలిన జానెడు వెదురుముక్క, గుప్పెడు గులకరాళ్లు ముందు పెట్టింది. మళ్లీ వాడివంక చూడకుండా వెళ్లి తన బొంగులు తిప్పుకుంది.

వాడు ఒక రాయి వేశాడు. లోపల ఠక్కుమంది. ఏడుపు ఆగింది. ఇంకోటి వేశాడు. వంచితే గలగలమని అన్నీ జారాయి. ఏరుకుని మళ్లీ మొదటినుంచి వేశాడు. రాళ్లు నోట్లో పెడతాడేమోనని పక్కన కూర్చున్నాను గానీ, నోరు మాత్రం మెదపలేదు. ఈ ఇరవై రెండు నెలల్లో వాడి పక్కన నేను అంతసేపు ఏమీ చూపించకుండా, ఏమీ చెప్పకుండా కూర్చోవడం అదే మొదటిసారి. పిల్లాణ్ణి ఆడించడమంటే ఎడతెగకుండా ఏదో ఒకటి చేయడమే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడకి బొంగు సంగతి తెలుసు: తిప్పుతూ ఉండాలి, మాటిమాటికీ మూత తీసి చూడకూడదు.

చికెన్ వేడివేడిగా తిన్నాం, అదీ ముగ్గురం ఒకేసారి కూర్చుని.

వెదురుముక్క మాతోపాటే ఇంటికొచ్చింది. రోజూ తెల్లవారుజామున అయిదింటికి గలగలలు మొదలవుతున్నాయి. కింది వాటావాళ్లు ఒకసారి అడిగారు కూడా. అయినా చంటిపిల్లలతో కొండెక్కబోయేవాళ్లకి నేను చెప్పేది ఇదే: బొమ్మల సంచి ఇంట్లో వదిలేయండి. ఆ చోట్లో చీరలు పెట్టుకోండి, కనీసం రెండు.