దారం తీస్తే పుట్టే సొగసు

చోడవరం దగ్గర చెరకు తోలుకెళ్ళే రైతు నడుముకి గళ్ళ లుంగీ కనిపిస్తే ఎవరూ తిరిగి చూడరు. నైజీరియాలో, నైజర్ నది సముద్రంలో కలిసే పాయల మధ్య ఉన్న బుగుమా పట్టణంలో మాత్రం గళ్ళ బట్ట కట్టడం దర్జా. అక్కడి కలబరి వాళ్ళు తరాలుగా మోజుపడిన ఆ బట్టను నేసి పంపినవాళ్ళలో మన చీరాల ప్రాంతపు నేతగాళ్ళూ ఉన్నారు. వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. పేరుకి రుమాలు, చుట్టుకునేది నడుముకి.

కలబరి స్త్రీలు దాన్ని మగ్గం దిగినట్టే కట్టి ఊరుకోరు. ఒళ్ళో పరుచుకుని, సూదితో రెండు మూడు పోగులు పైకి లేపి, బ్లేడుతో తెంపి, ఆ ముక్కలను లాగేస్తారు. సాధారణంగా తీసేవి లేత రంగు పోగులు. అవి పోయినచోట సన్నని ఖాళీలు పడి, ముదురు రంగు గళ్ళ మధ్య కొత్త నమూనా తేలుతుంది. ఇలా తయారైన బట్టను ‘పెలెటె బిటె’ అంటారు. తాబేలు పేరు పెట్టుకున్న నమూనా కూడా ఒకటుంది. బట్ట పలచబడి, మెత్తబడి, లేసులా వెలుతురును రానిస్తుంది.

వినడానికి తేలికే. పడుగులో ఎన్ని తీయాలి, పేకలో ఎన్ని ఉంచాలి అన్న లెక్క తప్పితే అక్కడ మిగిలేది చిరుగే. కుట్టుపనిలో తప్పు పడితే విప్పి మళ్ళీ కుట్టవచ్చు. తెంపిన పోగు తిరిగి రాదు. అంత తెగింపు, అంత ఓపిక ఒకే చేతిలో ఉండటమే నాకు అబ్బురం.

ఇందులో మన నేతగాడి వాటా చిన్నదేమీ కాదు. ఈ గళ్ళు అద్దకం కాదు. నూలుకి ముందే రంగు వేసి, రంగు పోగుల వరుస లెక్కగట్టి పడుగు సాగదీసి, అదే లెక్కతో పేక కొడితే వచ్చినవి. అందుకే ఇక్కడ రంగు అంటే పోగే. తెల్ల పోగు లాగితే తెలుపే పోతుంది. పైన అచ్చు వేసిన బట్టలో ఒకే పోగు మీద నాలుగు రంగులుంటాయి కాబట్టి, ఆ కోత అక్కడ సాగదు. చీరాలలో కట్టిన లెక్కను బుగుమాలో చదివి, దాని మీద తమ లెక్క వేసుకున్నారన్నమాట.

1950ల చివర అమెరికాలోనూ మద్రాసు గళ్ళ చొక్కాలు వెర్రిగా నడిచాయి. ఉతికితే రంగు దిగడమే గొప్పని ప్రకటనలు చెప్పాయి, జనం కొన్నారు. అది అమ్మేవాడి తెలివి. కలబరి సొగసు కట్టుకునేవాళ్ళ చేతిపని. ఆ బట్టను ఆడా మగా అందరూ కడతారు. పెద్దల అంత్యక్రియలప్పుడు ఇంటి పెట్టెల్లోని ఇలాంటి బట్టలు తీసి భౌతికకాయాన్ని ఉంచే మంచాన్ని అలంకరిస్తారు. జోఆన్ ఐకర్, టోన్యే ఎరెకోసిమా అనే పరిశోధకులు ఈ పెలెటె బిటెను శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1982లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు గోల్డ్‌స్టీన్ గ్యాలరీ వారి పుస్తకం వెలువరించింది.

ఆ రుమాళ్ళ ఎగుమతి ఇప్పుడు మునుపటిలా లేదు. చీరాల మగ్గాలు చాలావరకు చీరలకు మళ్ళాయి. ఈసారి గళ్ళ తువ్వాలు కొనేటప్పుడు అంచున ఒక్క పోగు లాగి చూడండి. పొడుగునా ఒకే రంగుంటే నూలుకే రంగు వేసి నేసిన గళ్ళు. మధ్యలో రంగు మారితే అచ్చు వేసినవి.