సంతకానికి సరిహద్దు

ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, అనగానే మా వృత్తిలో చాలామంది ముసిముసిగా నవ్వుతారు. మా ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) పత్రిక తిరగేస్తే ఏదో ఒక దేశపు అకౌంటెంట్ల సంఘంతో మన అధ్యక్షుడు చేతులు కలుపుతున్న ఫొటో కనిపిస్తుంది. వెనక రెండు జెండాలు, ముందు అందమైన అట్టల ఫైళ్లు. తాంబూలాలు పుచ్చుకున్నారు సరే, లగ్నం ఎప్పుడని అడిగేవాళ్లు తక్కువ. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ప్రాక్టీసు పెట్టుకున్న తెలుగు సీఏకి ఆ ప్రశ్న అడగక తప్పదు. ఇక్కడ మా బల్ల మీదికి వచ్చే పనిలో చాలాభాగం ఇంకో దేశపు చట్టంతో ముడిపడి ఉంటుంది.

హోసూరు రోడ్డుకీ సర్జాపుర రోడ్డుకీ మధ్య నగరాభివృద్ధి సంస్థ బీడీఏ వేసిన ఈ ఇళ్ల స్థలాల పేట ఇవాళ స్టార్టప్‌ల పేట. ట్వంటీ సెవెంత్ మెయిన్‌లో కింద కాఫీ షాపు, పైన కంపెనీ. పనిచేసేవాళ్లంతా ఇక్కడే. మాతృసంస్థ మాత్రం అమెరికాలోని డెలావేర్‌లో రిజిస్టరై ఉంటుంది. అలాంటి కంపెనీ అమెరికా పన్ను శాఖకి ఇవ్వాల్సిన 5472 ఫారం మరిచిపోతే జరిమానా 25 వేల డాలర్లు. మా దగ్గర శిక్షణలో ఉన్న ఆర్టికల్ పిల్లలకి మన టాక్స్ ఆడిట్ నివేదిక కన్నా ముందు ఈ ఫారం నంబరు నోటికొస్తుంది. మంచిదో చెడ్డదో తెలీదు గానీ, పేట తీరు అది.

అనంతపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి మొన్న అడిగింది: “సార్, సీఏ అయిపోయాక మళ్లీ సీపీఏ కూడా రాయాలా? మన ఇన్‌స్టిట్యూట్‌కి అన్ని దేశాలతో ఒప్పందాలున్నాయి కదా!”

ఉన్నాయి. ఇంగ్లండు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థతో ఉంది. ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికా, నేపాల్ సంస్థలతోనూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు షరతులతో రాసుకున్నవి ఉన్నాయి. ఐసీఏఐ 1949 నాటి చట్టంతో పుట్టిన సంస్థ కాబట్టి ఇలాంటివాటికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం కూడా తీసుకుంటారు. అవతలి సంస్థలో సభ్యత్వానికి మనవాళ్లు అన్ని పేపర్లూ రాయక్కర్లేదు, కొన్ని రాస్తే చాలు. కానీ ఆ జాబితా ఒకసారి చూడండి. ముఖ్యమైనవన్నీ దాదాపు బ్రిటిష్ వాళ్ల పాత దారి వెంటే ఉన్నాయి. హెచ్‌ఎస్‌ఆర్ పిల్లలు రోజూ లెక్కలు రాసే అమెరికా అందులో లేదు.

కారణం మన ఉదాసీనత ఒక్కటే అనలేను. అక్కడ మన సీఏ లాంటి సీపీఏ లైసెన్సు ఇచ్చేది దేశం కాదు, రాష్ట్రాల బోర్డులు. ఆ బోర్డుల జాతీయ సంఘమూ, అమెరికన్ సీపీఏల సంఘమూ కలిసి పెట్టుకున్న ఒక మండలి విదేశీ అర్హతల్ని తూచి చూస్తుంది. ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండు, స్కాట్లండు, మెక్సికో, దక్షిణాఫ్రికా సంస్థలు ఆ తూకానికి నిలిచాయి. మనకింకా ఆ గుర్తింపు లేదు. మనవాళ్ల బుర్ర ఊరుకుంటుందా? ముందు ఆస్ట్రేలియా సభ్యత్వం తీసుకుని, దాని మీదుగా అమెరికాకి పోదామని చూసినవాళ్లున్నారు. ఆ మండలి చేసుకున్న ఒప్పందాల షరతులు ఈ దొడ్డిదారిని ముందే మూసేశాయి. ఇంకో ఒప్పందం పుణ్యాన వచ్చిన సభ్యత్వం చెల్లదు, మొదటినుంచీ ఆ దేశపు పద్ధతిలోనే చదివి పాసై ఉండాలి.

ఒక మేలు మాత్రం జరిగింది. 2020 నుంచి సీపీఏ పరీక్ష మన దేశంలోనే రాయొచ్చు. కేంద్రాల్లో బెంగళూరు, హైదరాబాదు రెండూ ఉన్నాయి. అంతకుముందు దుబాయికో అమెరికాకో విమానం ఎక్కాల్సి వచ్చేది. ఇదీ సంస్థల మధ్య కుదిరిన ఏర్పాటే. ఐసీఏఐ ప్రమేయం ఏమీ లేకుండా కుదిరింది.

అమెరికా మనల్ని గుర్తించకపోయినా దండించడం మాత్రం మానలేదు. ఈ సంగతి తెలుగువాళ్లకి గుర్తుచేయాలా? 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. సత్యం షేర్లు అమెరికాలోనూ చలామణీలో ఉండేవి. అందుకే హైదరాబాదులో చేసిన ఆడిట్‌కి వాషింగ్టన్‌లో లెక్క తేలింది. ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ అనుబంధ సంస్థలకి 2011 ఏప్రిల్‌లో అక్కడి రెండు నియంత్రణ సంస్థలు కలిపి 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. ఇక్కడ సత్యాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం వేసిన బోర్డులో ఐసీఏఐ మాజీ అధ్యక్షుడు టి.ఎన్. మనోహరన్ ఉన్నారు. వృత్తి తన పరువు తాను కొంత దక్కించుకుంది. కానీ 2018లో ఆడిట్ల మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ వచ్చాక లిస్టెడ్ కంపెనీల ఆడిటర్ల మీద విచారణ అధికారం ఇన్‌స్టిట్యూట్ చేతిలోంచి జారిపోయింది. ఆ దెబ్బ మనకి మనమే తెచ్చుకున్నది.

అందుకే నాకు ఫొటోల ఒప్పందాల కన్నా ఇంకోటి ముఖ్యం అనిపిస్తుంది. 1977లో మ్యూనిక్‌లో అంతర్జాతీయ అకౌంటెంట్ల సమాఖ్య, ఐఫాక్, పుట్టినప్పుడు ఐసీఏఐ వ్యవస్థాపక సభ్య సంస్థ. ఆ సభ్యత్వం ఊరికే రాదు. ఏడు బాధ్యతల పత్రాలున్నాయి. ఆడిట్ నాణ్యతని తనిఖీ చేస్తున్నావా, నీతినియమాలు అంతర్జాతీయ స్థాయిలో ఉన్నాయా, తప్పు చేసినవాణ్ణి విచారించి శిక్షిస్తున్నావా అని అడుగుతాయి. చదవడానికి పరమ చప్పని పత్రాలు. అయినా నా ఆఫీసుకి పీర్ రివ్యూ అంటూ సాటి సీఏ వచ్చి పాత ఫైళ్లు తిరగేస్తున్నాడంటే, ఆ పత్రాలు కోరేది అలాంటి తనిఖీనే. 2016 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలకి ఇండ్-ఏఎస్ అనే కొత్త లెక్కల ప్రమాణాలు వచ్చింది కూడా ఈ దారిలోనే. అప్పుడు ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడు హైదరాబాదుకి చెందిన దేవరాజరెడ్డి. మనం ప్రపంచ ప్రమాణాల్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు, మన చట్టాలకి సర్దుకుని తీసుకున్నాం. తెలివైన పనే. కాకపోతే ఆ సర్దుబాట్లని విదేశీ ఇన్వెస్టరుకి వివరించడంతో నాకు సాయంత్రాలు గడుస్తుంటాయి.

మాటలో మాట. 1984లో ఏర్పడిన దక్షిణాసియా అకౌంటెంట్ల సమాఖ్య, సాఫాలో మనమూ పాకిస్తానూ సభ్యులమే. మిగతా చాలా బల్లల దగ్గర కుదరని కూర్పు అది.

ఇక ఊళ్లో సంగతి. దీన్ని ఎవరూ భాగస్వామ్యం అనరు గానీ, నా లెక్కలో గట్టిది ఇదే. ప్రాక్టీసులో ఉన్న సీఏ మూడేళ్లలో 120 గంటలు చదువు కొనసాగించినట్టు చూపాలి. దానికోసం ఒక్కో పేటలో స్టడీ సర్కిళ్లు నడుస్తాయి. ఇడ్లీ వడ, ఫిల్టర్ కాఫీ, ఆపైన జీఎస్‌టీ నోటీసు మీద వాదన. కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లిషు ఒకే వాక్యంలో దొర్లుతాయి. 1957 నుంచి ఉన్న కర్ణాటక రాష్ట్ర చార్టర్డ్ అకౌంటెంట్ల సంఘం పూర్తిగా సభ్యులు స్వచ్ఛందంగా నడుపుకునేది. 2025 సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ గడువు పొడిగింపు కోసం ఆ సంఘం హైకోర్టుకెక్కింది. రాజస్థాన్‌లోనూ వృత్తి సంఘాలు అదే పని చేశాయి. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ గడువును అక్టోబరు 31కి జరిపింది. మా పేటలో ఆ రాత్రి చాలా ఆఫీసుల్లో లైట్లు తొందరగా ఆరిపోయాయి.

యూడీఐఎన్ సంగతీ చెప్పాలి. సీఏ కానివాళ్లు సీఏ పేరుతో బ్యాంకులకి సర్టిఫికెట్లు ఇస్తుంటే, ప్రతి సంతకానికీ అంకెలూ అక్షరాలూ కలిసిన 18 స్థానాల గుర్తు పెట్టాలని ఇన్‌స్టిట్యూట్ 2019లో తప్పనిసరి చేసింది. తర్వాత ఆదాయపన్ను పోర్టల్ దాన్ని నేరుగా సరిచూడటం మొదలుపెట్టింది. ఒక వృత్తి సంస్థ, ఒక ప్రభుత్వ శాఖ తమ కంప్యూటర్లని కలుపుకున్నాయి. నిజంగా ఉపయోగపడిన ఒప్పందం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. 2022 నవంబరులో ప్రపంచ అకౌంటెంట్ల మహాసభ మొదటిసారి మన దేశంలో, ముంబైలో జరిగింది. ఘనంగానే చేశారు. అయినా నా ఓటు ఆ 18 స్థానాల గుర్తుకే.

ఆ అనంతపురం అమ్మాయికి చెప్పిందే సీఏ చదివే పిల్లలకీ, ఫీజులు కట్టే అమ్మానాన్నలకీ చెబుతున్నాను. కోచింగ్ సెంటరు గోడమీద ఏ విదేశీ సంస్థ గుర్తు కనబడినా డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. మన సీఏకి ఎన్ని పేపర్లు మినహాయిస్తారు? ఆ సభ్యత్వంతో ఏ దేశంలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టొచ్చు? రెండో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆ నెల ఫీజు కట్టకండి.