మూడో ‘పుష్ప’కు కర్త ఎవరు?

ఒక సినిమా వరుసలోని భాగాలకు అభిమానులు ర్యాంకులు ఇచ్చుకోవడం, రాబోయే భాగం కథను తామే ముందుగా అల్లుకోవడం సాహిత్య విమర్శ కిందికి వస్తాయా? రావని మన విశ్వవిద్యాలయ శాఖల్లో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. మేము కూడా చాలాకాలం ఆ అభిప్రాయంతోనే ఉన్నాం. కృష్ణగిరిలోను, హోసూరులోను తెలుగు విద్యార్థుల మధ్య కూర్చొని ‘పుష్ప’ మీద వాళ్ల వాదోపవాదాలు విన్న తర్వాత దాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. ఇది లెక్కలు కట్టిన సర్వే కాదు. రెండు సాయంత్రాల సంభాషణ మాత్రమే. అయినా అందులో తేలిన ఒక విషయం తెలుగునాటికి వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులకు పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా చిత్రాల సంగతి. సుకుమార్ దర్శకత్వంలో అల్లు అర్జున్ కథానాయకుడుగా ‘పుష్ప: ది రైజ్’ 2021 డిసెంబరు 17న, ‘పుష్ప 2: ది రూల్’ 2024 డిసెంబరు 5న విడుదలయ్యాయి. చిత్తూరు జిల్లాలో ఎర్రచందనం నరికే కూలి ఒకడు దొంగరవాణా ముఠాకు నాయకుడుగా ఎదగడం మొదటి భాగం ఇతివృత్తం. ముఖ్యమంత్రితో ఫొటో దిగాలన్న భార్య కోరికను ఆ ముఖ్యమంత్రి తోసిపుచ్చితే, ఏకంగా ముఖ్యమంత్రినే మార్చడానికి పూనుకోవడం రెండో భాగానికి ఇరుసు. రెండో భాగం చివర మూడోదానికి ‘ది ర్యాంపేజ్’ అనే పేరు కూడా చూపించారు. ఈ వ్యాసం రాసేనాటికి అది తెరకు రాలేదు. కాబట్టి ఊహలకు కావలసినంత చోటు ఉంది.

రెండే భాగాలుంటే ర్యాంకులేమిటని మాకు మొదట అనుమానం వచ్చింది. విద్యార్థులు మాకంటే సూక్ష్మంగా ఆలోచించారు. ఒక్కొక్క చిత్రాన్ని విశ్రాంతికి ముందు, విశ్రాంతికి తర్వాత అని విడదీసి మొత్తం నాలుగు సగాలుగా లెక్కవేశారు. కృష్ణగిరిలో మేము కలిసినవారిలో ఎక్కువమంది మొదటి చిత్రం మొదటి సగానికి ప్రథమ స్థానం ఇచ్చారు. హోసూరులో రెండో చిత్రంలోని జాతర ఘట్టం ఉన్న సగానికి ఎక్కువ ఓట్లు పడ్డాయి. కథానాయకుడు చీర కట్టి, పసుపు కుంకుమలతో, నిమ్మకాయల దండతో ఆడే ఆ ఘట్టానికి తిరుపతి గంగజాతరలోని వేషాల సంప్రదాయం ఆధారం.

ఈ తేడాకు కారణం అడిగాం. కృష్ణగిరి విద్యార్థిని ఒకరు చెప్పిన జవాబు ఇది: “మొదటిదాంట్లో వాళ్లు మాట్లాడేది మా అవ్వ మాట్లాడినట్లే ఉంటుంది సార్. రెండోదాంట్లో డైలాగులు బాగుంటాయి. కానీ అవి డైలాగులు.” భాషాశాస్త్రం చదువుకొన్న మాకు ఈ రెండు వాక్యాలు ఒక సమీక్షకు సమానంగా తోచాయి.

తెలుగు మాండలికాలను భద్రిరాజు కృష్ణమూర్తిగారు నాలుగు మండలాలుగా విభజించి చూపిన సంగతి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. అందులో రాయలసీమ దక్షిణ మండలంలో చేరుతుంది. అయితే మాండలికానికి రాష్ట్ర సరిహద్దులు తెలియవు. కుప్పం దాటి కృష్ణగిరి వైపు వచ్చినా ‘వస్తా ఉండాడు’, ‘యాడ’, ‘ఈడ’ అనే రూపాలు వినిపిస్తూనే ఉంటాయి. తమిళం, కన్నడం పక్కపక్కనే ఉండడంవల్ల పదజాలంలో కొన్ని తేడాలు వస్తాయి గాని క్రియల నడక మాత్రం చాలావరకు చిత్తూరు నడకే. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’ వంటి రచనల్లో ఈ నడక అచ్చులోకి వచ్చింది. వెండితెర మీద మాత్రం సీమ పలుకు చాలాకాలం ప్రతినాయకుడికో, హాస్యపాత్రకో పరిమితమై ఉండింది. 1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’లో జయప్రకాశ్ రెడ్డిగారి పాత్ర ఇందుకు మంచి ఉదాహరణ. కథానాయకుడు మాత్రం మధ్యాంధ్ర భాషే మాట్లాడేవాడు.

ఈ నేపథ్యంలో ‘పుష్ప’ మొదటి భాగం చేసిన పని చిన్నది కాదు. అందులో నాయకుడు, అతని తల్లి, ప్రత్యర్థులు అందరూ ఆ భాష మాట్లాడతారు. అంతకంటే ముఖ్యం, పోలీసుల చేతికి చిక్కిన కేశవ నోటినుంచే మనం కథ వింటాం. అంటే మాండలికం సంభాషణకు అలంకారంగా కాక కథ చెప్పే గొంతుగా వచ్చింది. నటుడు చెన్నైలో పుట్టినవాడు, దర్శకుడు గోదావరి ప్రాంతంవాడు కాబట్టి ఈ భాష నేర్చుకొని పలికించినదే. నేర్చుకొన్నదైనా అది కృష్ణగిరిలోని ఒక అవ్వ మాటను గుర్తుచేసింది.

2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలల్లో తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. తమిళం నేర్వడం ఆ రాష్ట్రంలో ఉన్నవారికి అవసరమే, మేలే. కాని ఆ తర్వాత బడికి వెళ్లిన తెలుగు పిల్లల్లో ఇంటి తెలుగు మాట్లాడుతూ కూడా చదవడం రానివారు చాలామంది మాకు తారసపడ్డారు. వాళ్లకు అందుబాటులో ఉన్న పెద్ద తెలుగు పాఠం సినిమాయే. అందువల్ల ఒక సినిమా ఎవరి భాషలో ఎవరి కథ చెబుతున్నదనేది వాళ్ల విషయంలో కాలక్షేపపు ప్రశ్న కాదు.

ఇక హోసూరు. బెంగళూరుకు సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్మాగారాల పట్నం అది. అక్కడి విద్యార్థుల్లో కొందరు ఈ చిత్రాన్ని తెలుగులో ఒకసారి, తమిళంలోనో కన్నడంలోనో మరోసారి చూశారు. వాళ్ల తూనిక భాష కాదు, ఎత్తు. నాయకుడు ఏ భాగంలో ఎంత పైకి వెళ్లాడన్నదే కొలత. ఈ కొలతతోనే వాళ్లు మూడో భాగాన్ని ఊహించారు. రెండో భాగం జపాను రేవులో మొదలైంది కాబట్టి మూడోది ప్రపంచమంతా తిరగాలని ఒకరు, ముఖ్యమంత్రిని మార్చినవాడు ఢిల్లీకి వెళ్లాలని మరొకరు, షెకావత్ తిరిగి రావాలని ఇంకొకరు అన్నారు. ఊహలన్నీ ఒకే దిక్కున, పైకి, పోతున్నాయి.

ఆ మాటల మధ్య, తండ్రి ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వెళ్లే విద్యార్థి ఒకడు మెల్లగా ఇలా అన్నాడు: “కూలి పని మానేసినాక పుష్ప మా నాయన మాదిరి లేడు సార్.” స్నేహితులు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఈ వరుస మొత్తం మీద వేయదగిన విమర్శ ప్రశ్న ఆ మాటలోనే ఉంది: పుష్ప పైకి వెళ్లిపోయిన తర్వాత గొడ్డలి ఎవరి చేతిలో ఉంది?

మొదటి చిత్రం మొదటి సగంలో ఆ ప్రశ్నకు జవాబు కనిపిస్తుంది. కూలికి ఎంత ఇస్తారు, ప్రమాదానికి ఎంత ఎక్కువ ఇస్తారు, పట్టుబడితే ఏమవుతుంది అన్నవి అక్కడ కథాంశాలు. బేరమాడడమే అక్కడ నాయకుడి మొదటి సాహసం. తర్వాత అతను భాగం అడుగుతాడు, పాలట్యాంకరులో సరుకు దాటిస్తాడు, మద్రాసు ధర తెలుసుకొంటాడు. మెట్టు ఎక్కినకొద్దీ కూలీలు వెనక్కి జరుగుతారు. రెండో భాగంలో పట్టుబడిన కూలీలను విడిపించుకోవడానికి అతను పోలీస్ స్టేషన్‌లోని సిబ్బంది మొత్తాన్ని డబ్బుతో కొనేస్తాడు. హాల్లో ఈలలు పడే ఘట్టమే అది. అయితే అక్కడ కూలీలు విడుదలకోసం ఎదురుచూసేవారు మాత్రమే. వాళ్లకు పేరు లేదు, బేరం లేదు, మాట లేదు.

ఇది కృష్ణగిరి పాఠకుడు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల్లో. కాని దాన్ని నరకడానికి కొండెక్కినవారిలో చాలామంది తమిళనాడు కొండపల్లెలనుంచి వచ్చినవారు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో స్మగ్లర్ల ముఠా దాడిలో ఇద్దరు అటవీ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో ఆంధ్రప్రదేశ్ టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవైమంది మరణించారు. వాళ్లలో అత్యధికులు తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవారు. ఆత్మరక్షణకోసం కాల్చామని పోలీసులు, బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలవారు చెప్పారు. కృష్ణగిరి 2004లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకు ధర్మపురిలో భాగమే. అంటే చనిపోయినవారిలో కొందరు ఈ విద్యార్థులకు పొరుగు జిల్లావారు.

చిత్రంలో తమిళదేశం లేకపోలేదు. చెన్నై మురుగన్ రూపంలో, సరుకుకు అసలు ధర కట్టే వ్యాపారిగా ఉంది. కొనేవాడుగా కనిపించిన తమిళుడు నరికేవాడుగా మాత్రం కథలోకి రాలేదు. కథ శేషాచలానిదైనా మొదటి భాగంలోని అడవిని చాలావరకు మారేడుమిల్లిలో చిత్రీకరించారు. అడవికి బదులు అడవి దొరికింది. నరికేవాడి స్థానంలో నాయకుడొక్కడే మిగిలాడు.

ఈ లోపం ఒక్క ‘పుష్ప’ది కాదు. కృష్ణగిరికి మరోవైపు సరిహద్దు కోలారు. అక్కడి బంగారు గనుల పేరు పెట్టుకొన్న ‘కె.జి.ఎఫ్.’ కన్నడ చిత్రం రెండు భాగాలు 2018లోను, 2022లోను వచ్చాయి. అదీ మూడో భాగానికి తలుపు తెరిచిపెట్టే ముగిసింది. ఆ గనులు 2001లో మూతపడేదాకా వాటిలో దిగినవారిలో తమిళ, తెలుగు కార్మికులే ఎక్కువ. తెరమీది గనిలో మాత్రం వాళ్లు ఒక రక్షకుడికోసం కళ్లు కాయలు కాచేలా చూసే గుంపు. ఇటు అడవి, అటు గని, మధ్యలో మన విద్యార్థులు. రెండు వరుసల్లోనూ వాళ్ల చుట్టుపక్కల మనుషుల చెమట ఉంది, వాళ్ల సంభాషణ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చింది. “మీరడిగేది డాక్యుమెంటరీ సార్, మాకు కావాల్సింది పుష్ప” అన్నాడు హోసూరు విద్యార్థి ఒకడు. న్యాయమైన మాటే. వినోదచిత్రం చరిత్ర పాఠం కానక్కరలేదు. అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టును నరికేవాణ్ని దేవుణ్ని చేయమనీ మేము కోరడం లేదు. కాని మేము అడిగే గుణం బయటినుంచి తెచ్చింది కాదు. ఈ వరుసే తన మొదటి సగంలో కూలి బేరాన్ని ఊపిరి బిగబట్టి చూసేటట్లు చేయగలిగింది. చేతనైన పనిని వదిలేసిందన్నది మా ఫిర్యాదు. కృష్ణగిరి విద్యార్థులు ఆ సగాన్ని మొదట నిలబెట్టడంలో కేవలం భాషాభిమానమే కాదు, సరైన విమర్శదృష్టి కూడా ఉందని మేము భావిస్తున్నాం.

చివరిగా ఒక వ్యాకరణ విషయం. దేశమంతా పాకిన ‘తగ్గేదే లే’ అన్న వాక్యాన్ని గమనించండి. ‘తగ్గను’ అంటే చివరి ‘ను’లో ‘నేను’ దాగి ఉంటుంది. ‘తగ్గం’ అంటే ‘మేము’ ఉంటుంది. ‘తగ్గేదే లే’లో పురుష ప్రత్యయం లేదు, వచనం లేదు, కర్త లేడు. ఒకడు అనవచ్చు, పదిమంది అనవచ్చు, ఆడమనిషి అనవచ్చు. హిందీలో దీనికి బదులు వచ్చిన ‘ఝుకేగా నహీ’ పుంలింగ ఏకవచనం. అక్కడ ఒక్క మగవాడే నిలబడగలడు. తెలుగు వాక్యం ఖాళీగా ఉంచిన కర్త స్థానంలో నాయకుణ్ని కూర్చోబెట్టింది గడ్డం కింద చేతిని తిప్పిన ఆ అభినయం, ఆ తర్వాత మన ఈలలు. భాష మాత్రం ఆ చోటును ఇంకా ఖాళీగానే ఉంచింది.

మూడో భాగం ఎలా ఉండాలని విద్యార్థులు మమ్మల్ని తిరిగి అడిగారు. మా జవాబు ఇదే. కథ ప్రపంచమంతా తిరిగినా అభ్యంతరం లేదు. ఒక్క ఘట్టంలో మాత్రం, ధర్మపురి కొండలనుంచి వచ్చిన కూలి ఒకడు, తెలుగూ తమిళమూ కలిసిన తన మాటలో, పుష్ప ఎదుట నిలబడి కూలి పెంచమని అడగాలి. పుష్ప కాదంటే ఆ వాక్యాన్ని అతను అనాలి. అప్పుడు పుష్ప ఏం చేస్తాడన్నదే అసలు కథ.

ఈ మాట విని, తండ్రి కాంట్రాక్టు పనికి వెళ్లే ఆ విద్యార్థి కాసేపు ఆలోచించి, “అట్లయితే నేను వాని పక్కనే సార్” అన్నాడు. ఎవరి పక్కనో అతను చెప్పలేదు. మేమూ అడగలేదు.