గేరుబాక్సు విప్పకముందే

లారీ షెడ్డులోకి వచ్చి ఆగీ ఆగకముందే పానా అందుకునేవాణ్ణి నేను నమ్మను. గేరుబాక్సు పనిలో పండిన మిస్త్రీ మొదట ఇంజను ఆపనివ్వడు. "న్యూట్రల్లో పెట్టు. క్లచ్చి వదులు. ఇప్పుడు తొక్కు," అని డ్రైవరుకు చెప్పి, కింద నిలబడి వింటాడు. వదిలినప్పుడు గరగరమంటూ తొక్కగానే ఆ మోత ఆగిపోతే లోపం పెట్టెలోనే ఉంది. ముందు షాఫ్టు బేరింగో, కౌంటర్ షాఫ్టు బేరింగో అరిగింది. తొక్కినప్పుడే మోత మొదలైతే పెట్టె జోలికి పోనక్కర్లేదు, క్లచ్చి రిలీజు బేరింగు చూసుకోవాలి. నిమిషం పట్టని ఈ పరీక్షతో యజమానికి ఎన్ని వేలు మిగులుతాయో యజమానికి తెలియదు. మిస్త్రీ చెప్పడు కూడా.

తర్వాత బండి రోడ్డెక్కుతుంది. ఐదు గేర్ల పాత టాటా పెట్టెలో ఆఖరిది నేరు గేరు. అందులో ఇంజను బలం కౌంటర్ షాఫ్టు పళ్ల మీదుగా తిరిగిపోకుండా ముందు షాఫ్టు నుంచి సూటిగా వెనక్కి పోతుంది. కింది నాలుగు గేర్లలో మూలిగిన పెట్టె ఐదోదానిలో గొంతు తగ్గించిందంటే అనుమానం కౌంటర్ షాఫ్టు మీదికి పోతుంది. ఒక్క మూడోదానిలోనే మోతైతే ఆ జత పళ్లు చూడాలి. అన్నిటిలోనూ ఒకే తీరుగా మోగి, వేగం పెరిగేకొద్దీ హెచ్చితే వెనక షాఫ్టు బేరింగు, ఒక్కోసారి పెట్టె దాటి డిఫరెన్షియల్. పెట్టెలో బలం ఏ దారిన పోతుందో తలలో గీసుకున్నవాడికే ఈ వినికిడి అబ్బుతుంది. చెవి ఒక్కటే అయితే డ్రైవరుకూ ఉంది.

ఆదోని ప్రాంతంలో గేరుబాక్సుకు పని ఎక్కువ. కౌతాళం చుట్టుపక్కల నేల నల్లరేగడి. వాన పడ్డాక చేనిదారిలో దిగబడిన లారీని డ్రైవరు ఒకటో గేరుకూ రివర్సుకూ మార్చి మార్చి ముందుకూ వెనక్కూ ఊపుతాడు. చక్రం పూర్తిగా ఆగకముందే ఎదురు గేరు పడుతుంది, పళ్ల అంచులు చితుకుతాయి. ఆదోని జిన్నింగు మిల్లుల నుంచి బయల్దేరే పత్తి బేలు ఒక్కటే 170 కిలోలు. అలాంటివి ఎత్తుగా పేర్చి తాళ్లు బిగించాక, పాత పెట్టెను కట్టినవాళ్లు వేసిన లెక్క ఎవరికి గుర్తుంటుంది?

ఆ పెట్టెల వంశం పాతది. టాటా వాళ్లు డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది 1954లో. ఆ ఒప్పందం 1969లో ముగిసి, ముందుభాగం మీది బెంజ్ నక్షత్రం పోయింది. అయినా పెద్దవయసు డ్రైవర్ల నోట అది ఇంకా బెంజి లారీయే.

విప్పే ముందు నూనె దించుతారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. అయస్కాంతమున్న డ్రెయిన్ బోల్టును తీసి, దానికి పట్టిన మడ్డిని మిస్త్రీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. మెత్తటి కాటుకలా ఉంటే మామూలు అరుగుదల. పొలుసులు గుచ్చుకుంటే బేరింగు రాలుతోంది. కోణాలున్న ముక్క దొరికితే పన్ను విరిగింది. నూనెను ఎండలో వంచి చూసినప్పుడు పసుపు మెరిస్తే అది ఇత్తడి, అంటే సింక్రో రింగు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి దాన్ని కంటితోనే పట్టాలి. సెకండ్ హ్యాండు బండి అమ్మేవాళ్లలో కొందరు మోత తెలియకుండా చిక్కటి నూనె పోసి పంపుతారు. వేళ్ల మధ్య అదీ దాగదు.

"మూడోది ఎగిరి న్యూట్రల్‌కొస్తాంది భాయ్, ఫోర్కు మార్చేస్తే సరిపోదా?" అని డ్రైవరు అడుగుతాడు. గేరు మార్చే ఫోర్కు అరిగితే గేరు ఎగరడం నిజమే. లాకు గుండు వెనక స్ప్రింగు సత్తువ తగ్గినా ఎగురుతుంది, షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడినా ఎగురుతుంది. గేరును పట్టి ఉంచే డాగు పళ్ల మూలలు గుండ్రబడితే ఎన్ని ఫోర్కులు మార్చినా పది రోజులకు బండి మళ్లీ షెడ్డులో ఉంటుంది. మంచి మిస్త్రీ పాత పన్నును డ్రైవరు చేతికే ఇచ్చి గోటితో తడిమి చూడమంటాడు. బేరం అక్కడితో ముగుస్తుంది.

కట్టేటప్పుడు బేరింగును సుత్తెతో దించరు. నూనెలో వేడిచేస్తే లోపలి వలయం వెంట్రుకవాసి సాగి షాఫ్టు మీదికి తనంతట తనే జారుతుంది. సింక్రో రింగును కోను మీద నొక్కి పట్టి, మిగిలిన సందులో ఫీలరు గేజీ రేకు దూరుస్తారు. సందు లేకపోతే రింగు అయిపోయినట్టే, పైకి ఎంత నిగనిగలాడినా సరే.

ఈ చెవి సగమే అక్కరకొచ్చే చోటు ఒకటుంది, ఆటోమేటిక్ గేరుబాక్సు. పూర్తి ఆటోమేటిక్ లారీ ఇక్కడ కనబడేది కాదు. అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతోనే ఆ ఏర్పాటు జనంలోకి వచ్చింది, ఇవాళ అక్కడి పికప్ ట్రక్కుల్లో మామూలు సంగతి. దానికి దగ్గరి చుట్టం మాత్రం మన కాలువగట్ల మీదే తిరుగుతోంది. తుంగభద్ర దిగువ కాలువలో పూడిక తీయడానికొచ్చే జేసీబీలో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్చి ప్లేటు ఉండదు, టార్క్ కన్వర్టరు ఉంటుంది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు ఓడల కోసం ఆలోచించి 1905లో పేటెంటు పొందిన ఉపాయం అది. ఒక రెక్కల చక్రం నూనెను విసిరితే ఆ తాకిడికి ఎదుటి చక్రం తిరుగుతుంది. ముందుకూ వెనక్కూ మార్చేవి నూనె ఒత్తిడితో బిగిసే రెండు క్లచ్చి ప్యాకులు.

దాని జబ్బు విచిత్రం. పొద్దున బండి బాగా లాగుతుంది. మధ్యాహ్నానికి ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. పాత ఆటోమేటిక్ ట్రక్కు ఎక్కడిదైనా యజమాని చెప్పే కథ ఇదే. వేడికి నూనె పలచబడి, గట్టిపడిన సీళ్ల పక్క నుంచి జారిపోతుంది. ఒత్తిడి చాలక ప్లేట్లు బిగియవు, బిగియక రాసుకుంటాయి, ఆ రాపిడికి నూనె ఇంకా కాగుతుంది. అందుకే చల్లటి బండిని పరీక్షించి లాభం లేదు. తెలిసినవాడు దాన్ని పనిచేయించి, కాగాకే ప్రెషరు గేజీ తగిలిస్తాడు. డిప్‌స్టిక్కు తీసి వాసన చూస్తాడు. మాడు కంపు కొడితే ప్లేట్ల పూత కాలింది. పాలలా తెల్లబడితే కూలరులోంచి నీళ్లు కలిశాయి. రెండు వైపులా లాగకపోతే పంపు మీద, కన్వర్టరు మీద అనుమానం. ఒక వైపే లాగకపోతే ఆ వైపు ప్యాకు సీలు. లారీ కింద నిలబడి కౌంటర్ షాఫ్టును పట్టుకున్న తర్కమే ఇది. అక్కడ బలం పళ్ల వెంట పోయింది, ఇక్కడ నూనె వెంట పోతుంది.

విప్పాక మాత్రం క్రమశిక్షణ మారుతుంది. లారీ పెట్టెను కాటన్ వేస్టుతో తుడిచినా నడుస్తుంది. ఇక్కడ వాల్వు సందులు ఎంత సన్నమంటే ఒక్క నూలుపోగు చాలు, లోపలి స్పూలు ఇరుక్కుపోవడానికి. పత్తి ఊరు ఆదోనిలో పత్తిని దగ్గరికి రానివ్వని బల్ల ఇదొక్కటే కావచ్చు. భాగాలను డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెడతారు. కొత్త ప్లేట్లను బిగించే ముందు పెట్టెలో పోసే నూనెలోనే నానబెడతారు. పొడిగా పెడితే మొదటి బిగింపులోనే పూత మాడుతుంది.

తొందరపాటు మిస్త్రీలు వదిలేసేది కూలరు. కాలిన పూత పొడి దాని గొట్టాల్లోనే కూర్చుని ఉంటుంది. దాన్ని రెండు వైపుల నుంచీ కడగకుండా బిగిస్తే కొత్త ప్లేట్ల మీదికి పాత బూడిదే వస్తుంది. కడిగి, ఫిల్టరు మార్చి, నూనె నింపాక కూడా బండిని వెంటనే వదలరు. బకెట్టు నిండా మట్టి ఎత్తించి, నూనె మళ్లీ కాగేదాకా ముందుకూ వెనక్కూ తిప్పించి, గేజీ ముల్లు నూనె చల్లగా ఉన్నప్పటి చోటికి దగ్గరగా నిలబడిందో లేదో చూసుకున్నాకే బిల్లు రాస్తారు.